రేకుల గూట్లో పోయిన ఐదు కోళ్లు

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక పల్లె. పోయిన ఏడాది మా ఇంట్లో పద్నాలుగు పెట్టలు, రెండు పుంజులు ఉండేవి. కొన్ని నాటువి, కొన్ని వనరాజా అనే బరువు రకం కోళ్లు. మే నెలలో బంధువుల పెళ్లికి హనుమకొండ వెళ్తూ, కుక్కల భయానికి అన్నింటినీ గూట్లో పెట్టి గొళ్లెం వేశాను. ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్లు కూడా పెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే పెద్ద పుంజు, బాగా బలిసిన నాలుగు వనరాజా పెట్టలు చచ్చి పడి ఉన్నాయి. మిగతావి నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. తెల్లవారేసరికి అవి తేరుకున్నాయి. గూడు ఇనుప రేకులది, కింద సిమెంటు నేల, ఇంటి పడమటి గోడకు ఆనించి కట్టింది. ఎండకు నాటుకోళ్లు చావవని, ఏదో తెగులు వచ్చి ఉంటుందని పక్కింటివాళ్లు అంటారు. ఈసారి రోహిణి కార్తె రాకముందే అన్నీ అమ్మేద్దామని మా ఆయన అంటున్నారు. కూలర్ పెడితే బతుకుతాయా? మజ్జిగ, మందు పొడులు ఇవ్వాలా? ఇప్పుడు ఒక పెట్ట పొదుగుకు వచ్చింది, గుడ్లు పెట్టి కూర్చోబెట్టవచ్చా? ఆ ఐదు కోళ్లు నా వల్లే పోయాయన్న బాధ ఇంకా పోలేదు.

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలోని చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. ఆ కోళ్లు మీ నిర్లక్ష్యం వల్ల పోలేదు. కుక్కలు పట్టుకుపోతాయని భయపడ్డారు, నీడలో ఉంచుతున్నాననుకున్నారు, నీళ్లు నిండుగా పెట్టి మరీ వెళ్లారు. కోళ్ల మీద మమకారం ఉన్న ఇల్లాలు ఎవరైనా అదే చేసేది. తెలియక జరిగిన దానికి ఏడాది పాటు మనసు కష్టపెట్టుకున్నారు, ఇక చాలు. అయితే అసలు ఏం జరిగిందో మాత్రం పూర్తిగా తెలుసుకోవాలి. ఆ గూడు ఇంకా అక్కడే ఉంది, ఎండలు మళ్లీ ముదురుతున్నాయి.

మీరు రాసిన గుర్తులన్నీ ఎండదెబ్బనే చూపిస్తున్నాయి. పొద్దున బాగా తిరిగిన కోళ్లు సాయంత్రానికి పోయాయి. పోయినవి బక్కచిక్కినవి కావు, బలిసినవి. ఒంటి బరువు పెరిగేకొద్దీ లోపల పుట్టే వేడి పెరుగుతుంది, దాన్ని బయటికి పంపే దారులు మాత్రం ఆ లెక్కన పెరగవు. అందుకే ముందుగా పెద్ద పుంజు, వనరాజా పెట్టలు పడిపోయాయి. అన్నిటికంటే గట్టి గుర్తు, మిగతావి రాత్రి చల్లబడగానే తేరుకోవడం. కొక్కెర తెగులు (రాణీఖేత్ అనే అంటువ్యాధి) అయితే ఒక్క పూటలో వచ్చి ఒక్క పూటలో పోదు. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, మెడ మెలితిరగడం, కాళ్లూ రెక్కలూ పడిపోవడం కనిపించేవి. రోజూ కొన్ని చొప్పున చస్తూ, పక్కిళ్ల కోళ్లకు కూడా పాకేది.

మీ పక్కింటివాళ్ల మాటలో సగం నిజం ఉంది. చెట్టు మొదట్లోనో, గోలెం పక్కన తడిమట్టిలోనో తనకు నచ్చిన చోటు వెతుక్కునే నాటుకోడి మన మే నెల ఎండలను చాలావరకు తట్టుకుంటుంది. గొళ్లెం పడితే దానికి వెతుక్కునే వీలే ఉండదు.

కోడికి చెమట పట్టదు. మామూలు రోజుల్లోనే దాని ఒళ్లు సుమారు 41 డిగ్రీల వేడి మీద ఉంటుంది. కాస్త ఉక్కగా ఉన్నప్పుడు రెక్కలు ఎడంగా పెట్టి ఒంటికి గాలి తగలనిస్తుంది. తల మీది తురాయిలోకి, గొంతు కింద వేలాడే ఎర్ర తోలులోకి, ఈకలు లేని కాళ్లలోకి రక్తాన్ని ఎక్కువగా పంపి వేడిని వదులుతుంది. చుట్టూ ఉన్న గాలి దాని ఒంటికంటే చల్లగా ఉన్నంతవరకే ఈ ఉపాయం పనిచేస్తుంది. నడి వేసవిలో మన వరంగల్ వైపు గాలే 42, 43 డిగ్రీలకు చేరుతుంది. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు 45 దాటడం కూడా కొత్త కాదు. అప్పుడు కోడికి మిగిలేది నోరు తెరిచి రొప్పడం ఒక్కటే. గొంతులోని, ఊపిరి దారిలోని తడి ఆవిరైపోతూ ఒంటి వేడిని కొంత వెంట తీసుకుపోతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే.

కుండను గాలి ఆడని గదిలో పెట్టి చూడండి, నీళ్లు సరిగా చల్లబడవు. మీ గూట్లో జరిగింది అదే. పదహారు కోళ్లు రొప్పుతూ వదిలిన ఆవిరి బయటికి పోయే దారి లేక లోపలే నిలిచింది. గాలి తడితో నిండాక ఎంత రొప్పినా గొంతులో తడి ఆరదు. మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ నేరుగా రేకుల మీద పడింది, రేకులు పెనంలా కాలి ఆ సెగను కోళ్ల వీపుల మీదికి దించాయి. వెనక గోడ, కింద సిమెంటు నేల కూడా వేడి పట్టుకుని ఉన్నాయి. రొప్పడం కూడా ఒళ్లు అలిసిపోయే పనే, దాని వల్ల ఇంకొంత వేడి పుడుతుంది. ఒంటి వేడి 45 డిగ్రీలు దాటి పైకి పోతే కోడి బతకడం చాలా కష్టం. ఇదంతా రెండు మూడు గంటల్లో ముగిసిపోతుంది.

కాబట్టి ఈ వేసవిలో మీ డబ్బు, ఓపిక ఖర్చు పెట్టాల్సింది ముందుగా గూటి మీద. మందుల సంగతి ఆ తర్వాత. నీడ ఉంటే చాలని మనం అనుకుంటాం. కోడికి నీడతో పాటు కదిలే గాలి కావాలి. రెండిట్లో ఒక్కటే కుదిరే పరిస్థితి వస్తే, నేనైతే మూసిన నీడ కంటే నాలుగు వైపులా తెరిచి ఉన్న పలచటి చెట్టు నీడనే ఎంచుకుంటాను.

మీ వాకిట్లోనో పెరట్లోనో వేప, చింత, కానుగ ఏది ఉన్నా దాని కింద పగటి గూడు ఒకటి కట్టించండి. నాలుగు గుంజలు పాతి, చుట్టూ ఇనుప జాలి కొట్టి, పైన తాటికమ్మలు కప్పితే చాలు. మన వైపు తాటిచెట్లకు కొరత లేదు, కమ్మలు అడిగితే కొట్టి ఇస్తారు. జాలిని భూమిలోకి ఒక అడుగు లోతు దింపి మట్టి కప్పాలి, లేకపోతే కుక్కలు తవ్వుతాయి, ముంగిస దూరుతుంది. కప్పు మనిషి నిలబడేంత ఎత్తులో ఉంటే వేడి పైకి పోతుంది, మీకు ఊడ్చుకోవడానికీ వీలుగా ఉంటుంది. పొడవు తూర్పు పడమరలుగా వచ్చేలా కట్టిస్తే ఉదయం, సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండ చిన్న వైపు మీదే పడుతుంది. కింద సిమెంటు వద్దు, మట్టి నేల ఉండనివ్వండి. మధ్యాహ్నం ఒక మూల బిందెడు నీళ్లు చల్లితే కోళ్లు ఆ తడిమట్టిని గీరి, పొట్ట ఆనించి పడుకుంటాయి. మా అమ్మమ్మ తన కోళ్ల కోసం జామచెట్టు మొదట్లో రోజూ ఇలాగే తడిపేది. చెట్టుకు నీళ్లు పోస్తోందని మేం అనుకునేవాళ్లం.

పాత రేకుల గూడును ఈ వేసవికి రాత్రి పడకకు మాత్రమే వాడండి. దాన్ని కూడా మార్చాలి. రేకుల మీద చిక్కటి సున్నం రెండు పూతలు వేయించండి, తెలుపు ఎండను తిప్పికొడుతుంది. దాని మీద కర్రలు పరిచి, రేకుకూ కప్పుకూ మధ్య జానెడు సందు ఉండేలా తాటికమ్మలో వరిగడ్డో కప్పాలి. ఆ సందులో గాలి ఆడుతుంటే కప్పు వేడి రేకుకు దిగదు. పొయ్యి దగ్గరగా ఉంటే గడ్డి జోలికి పోకండి, నిప్పురవ్వ ఒక్కటి చాలు. గూటికి ఎదురెదురుగా ఉన్న రెండు పక్కల కింది భాగంలో రేకు కోయించి జాలి పెట్టించండి. గోడలు, నేల పొద్దంతా తాగిన వేడిని రాత్రి పది దాకా వదులుతూనే ఉంటాయి. అందుకే చీకటి పడేదాకా కోళ్లను లోపలికి తోలవద్దు. గంప కింద కమ్మే అలవాటు ఉంటే వెదురు గంప మంచిదే, దాని మీద గోనెపట్టా మాత్రం కప్పకండి, నాలుగు పట్టే గంపలో ఎనిమిదింటిని కుక్కకండి.

ఇక నీళ్లు. మీరు పెట్టిన బకెట్లో నీళ్లు మధ్యాహ్నానికి బాగా వేడెక్కి ఉంటాయి. వేడి నీళ్లను కోడి సరిగా తాగదు, ఎదురుగా నీళ్లున్నా దాహంతోనే ఉంటుంది. పైగా బకెట్ లోతు. నీళ్లు సగానికి తగ్గాక ముక్కు అందదు. మామూలు రోజుల్లో పావు లీటరు తాగే పెట్ట ఎండాకాలంలో అర లీటరు దాకా తాగుతుంది. పది కోళ్లకు రోజుకు ఐదు లీటర్లు లెక్క పెట్టుకోండి. వెడల్పాటి మట్టి మూకుళ్లు మూడు కొని, మూడు వేర్వేరు చోట్ల నీడలో పెట్టండి. ఒకే చోట పెడితే గట్టి కోడి మెత్తటి కోడిని పొడిచి తరిమేస్తుంది. పొద్దున ఒకసారి, పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి పాత నీళ్లు చెట్టుకు పోసి కొత్తవి నింపండి. రంజన్ అనే పెద్ద మట్టి కుండలో నీళ్లయితే మరీ మంచిది. కోడిపిల్లలుంటే మూకుడులో నాలుగు గులకరాళ్లు వేయాలి, లేదంటే మునిగిపోతాయి.

కూలర్ గురించి అడిగారు. వద్దు. మూసిన గూట్లో కూలర్ పెడితే తడిగాలి ఇంకా పెరుగుతుంది, పోయిన ఏడాది చంపింది ఆ తడిగాలే. జాలి గూటికి పడమటి వైపు, వడగాలి వచ్చే దిక్కున, గోనె సంచులు కట్టి గంటకోసారి తడపండి. తూర్పు వైపు పూర్తిగా తెరిచి ఉంచండి. గాలి తడి సంచుల గుండా వచ్చి, చల్లబడి, అవతలి నుంచి బయటికి పోతుంది. ఖర్చు లేని కూలర్ ఇది. గాలి అసలు ఆడని రోజున ఫ్యాను పెట్టవచ్చు, కానీ దానికీ ఈ రెండు వైపుల దారి ఉండాలి, కరెంటు తీగ తడి సంచులకు దూరంగా ఉండాలి. మృగశిర కార్తెలో మొదటి చినుకులు పడ్డాక ఎండ తగ్గిందని ఏమరకండి. గాలిలో తేమ ఎక్కువగా ఉండి ఆకు కదలని ఉక్కపోత రోజున 39 డిగ్రీలే ఉన్నా కోళ్లు పడిపోతాయి. ఆ రోజుల్లో సంచులు తడపడం మానేసి, నాలుగు వైపులా తెరవండి.

మేత విషయంలో వేళలు మారిస్తే చాలు. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అది తిన్న కొన్ని గంటలకు బాగా ఎక్కువవుతుంది. పదింటికి కడుపు నిండా గింజలు తిన్న కోడికి రెండింటికి బయటి వేడి, లోపలి వేడి రెండూ కలుస్తాయి. వడ్లు, జొన్నలు, మక్కలు ఏవైనా తెల్లవారగానే వేసేయండి, ఎనిమిది తర్వాత గింజ మిగలకూడదు. మళ్లీ ఐదున్నర దాటాకే. మధ్యలో పుచ్చకాయ తొక్కలు, కీరదోస ముక్కలు, తోటకూర వేస్తే తేలికగా అరుగుతాయి, కొంత నీరూ కడుపులోకి పోతుంది. చద్దన్నం పెడితే పొద్దున్నే పెట్టి మిగిలింది తీసేయండి, ఎండకు గంటలో పులిసిపోతుంది.

గుడ్లు తగ్గి, పెంకు పలచబడితే కంగారు పడకండి. అదే పనిగా రొప్పే కోడి ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది. పెంకు కట్టడానికి సున్నంతో పాటు దాని అవసరమూ ఉంది. పెంకు ఎక్కువగా రాత్రి పూటే కడుతుంది కాబట్టి, ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులు గానీ, నత్తగుల్లల పొడి గానీ సాయంత్రం మేతలో కలపండి.

మజ్జిగ ఇవ్వవచ్చు. వెన్న తీసి, ఒకటికి నాలుగు పాళ్లు నీళ్లు కలిపి, ఉప్పు లేకుండా, మట్టి పాత్రలో ఒక పూట పెట్టండి. ఉప్పు విషయంలో జాగ్రత్త చాలా అవసరం. మన ఒంటికి సరిపోయే ఉప్పు కోడి ఒంటికి విషమవుతుంది, పచ్చడి కలిసిన ఎంగిలి అన్నం అసలు వేయవద్దు. పశువుల మందుల దుకాణంలో దొరికే లవణాల పొడి, సి విటమిన్ పొడి మరీ తీవ్రమైన ఎండలున్న మూడు నాలుగు రోజులు పనికొస్తాయి. ప్యాకెట్ మీద రాసిన కొలతే వేయాలి. వేడి పెరగకముందే ఉదయం పూట ఇవ్వాలి, పక్కనే మామూలు నీళ్లూ ఉండాలి. గూడు మార్చకుండా పొడులు కొంటే ఆ డబ్బు వృథా.

ఇంత చేసినా ఏదో ఒక రోజు ఒక కోడి మెడ వాల్చి పడిపోవచ్చు. అప్పుడు చేయాల్సింది ముందే తెలిసి ఉండాలి. గాలి తగిలే నీడలోకి తీసుకెళ్లి, వెడల్పు పళ్లెంలో మామూలు నీళ్లు పోసి, కాళ్లు పొట్ట దాకా అందులో ఉండేలా నిలబెట్టి పట్టుకోండి. తురాయిని, రెక్కల కింద ఈకలు పలచగా ఉన్న చోటును తడి గుడ్డతో తుడుస్తూ విసరండి. ముక్కు కొసను నీళ్లలో ముంచి తీస్తే తనే చప్పరిస్తుంది. తెరిచిన నోట్లో నీళ్లు పోయకండి, అవి ఊపిరి గొట్టంలోకి పోతాయి. మంచు నీళ్లు అసలు వద్దు. నాకు పదహారేళ్లప్పుడు మా నల్ల పెట్ట ఇలా పడిపోతే, ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తెచ్చి బకెట్లో వేసి దాన్ని మెడ దాకా ముంచాను. నా చేతుల్లోనే ఒక్కసారి కొట్టుకుని ఆగిపోయింది. ఒక్కసారిగా తగిలే ఆ చలిని వేడెక్కిన గుండె తట్టుకోలేదని తర్వాత తెలిసింది. ఎండదెబ్బకు పోయిందని నమ్మకంగా తెలిసినా, దానంతట అది చచ్చిన కోడిని వండుకోకండి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

అమ్మేయడం గురించి మీ ఆయన మాటను నేను కొట్టిపారేయను. అన్నీ అమ్మవద్దు. బరువైన వనరాజాలను, అవసరానికి మించిన పుంజులను ఏప్రిల్ చివరిలోగా అమ్ముకోండి, అప్పుడు గూట్లో జాగా పెరుగుతుంది, మంచి ధరా వస్తుంది. తేలికైన నాటు పెట్టలు ఉండనివ్వండి. మళ్లీ కొనేటప్పుడు మెడ మీద ఈకలు లేని బోసిమెడ కోళ్లు సంతలో కనిపిస్తే చూపుకు బాగా లేవని వదిలేయకండి. ఆ జాతికి ఒంటి మీద ఈకలే తక్కువ, వేడిని తేలికగా వదులుతుంది.

పోయిన ఏడాది వచ్చింది తెగులు కాకపోయినా, వేడికి నీరసించిన కోళ్లకు తెగులు సులువుగా అంటుకుంటుంది. కొక్కెర తెగులు టీకా వేయించి ఏడాది కావస్తుంటే ఈ పదిహేను రోజుల్లోనే వేయించండి, ఎండలు ముదిరాక వద్దు. టీకా మందు సీసా సాధారణంగా వంద కోళ్లకు సరిపడా వస్తుంది, కలిపాక నిలవ ఉండదు. వాడకట్టులో కోళ్లున్న వాళ్లంతా ఒక ఉదయం కలిసి వేయించుకుంటే వృథా కాదు. ఒకేసారి ఎక్కువ కోళ్లు చస్తే, అదీ చల్లటి వేళల్లో కూడా చస్తుంటే, ఎండ అని సరిపెట్టుకోకుండా మండల పశువైద్యశాలకు వెళ్లండి, లేదా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. మీకు మామునూరు పశువైద్య కళాశాల కూడా మరీ దూరం కాదు.

చివరగా పొదుగుకు వచ్చిన పెట్ట. ఇప్పుడు కూర్చోబెట్టవద్దు. గుడ్డులో పిల్ల పెరగడానికి కావలసిన వేడి 37, 38 డిగ్రీలే. మీ ఇంట్లో గాలే 40 దాటిన రోజున గుడ్లను చల్లబరచడం తల్లికి చేతకాదు. ఆ పెట్ట రోజుకు ఒక్కసారే లేచి నీళ్లు తాగుతుంది, గుడ్ల మీదే ప్రాణం వదిలిన పెట్టలను నేను చూశాను. పైగా వేసవిలో పుంజు కలిసిన గుడ్డును గదిలో ఉంచితే ఆ వేడికే పిల్ల కొంచెం పెరగడం మొదలై, ఆగి, చెడిపోతుంది. రోజుకు రెండుసార్లు గుడ్లు ఏరి, నాలుగైదు రోజుల్లో తినేయడమో అమ్మేయడమో చేయండి. పొదుగు మాన్పించడానికి నీళ్లలో ముంచకండి. కింద కూడా గాలి ఆడే జాలి అడుగున్న బోనులో, నీడలో, మేత నీళ్లు ఇస్తూ నాలుగు రోజులు ఉంచితే చాలు, మానుకుంటుంది. కూర్చోబెట్టాలనుకుంటే మృగశిర వెళ్లి, నాలుగు మంచి వానలు పడి, రాత్రుళ్లు చల్లబడ్డాక మంచి గుడ్లు పది ఏరి పెట్టండి. అప్పటికి ఈ పెట్టే మళ్లీ పొదుగుకు వస్తుంది.